పిల్లల చూపు, పగటి వెలుగు: ఈ లక్సుల లెక్క మనకెందుకు?

బడి నుంచి పిల్ల నోటుపుస్తకం తెస్తుంది. బోర్డు మీద ఉన్నదొకటి, పుస్తకంలో ఎక్కించుకున్నదొకటి. మన ఇళ్లలో దీనికి వెంటనే దొరికే కారణం భాష. ఇంట్లో తెలుగు, బడిలో తమిళమో కన్నడమో మరాఠీయో ఒడియానో. "మెల్లగా అలవాటవుతుందిలే" అని సర్దుకుంటాం. టీచర్లూ అలాగే అనుకోవచ్చు. ఎప్పుడో కంటి పరీక్ష చేయిస్తే తెలుస్తుంది, పిల్లకు సైటు వచ్చిందని. అక్షరాలు రాక కాదు, కనబడక తప్పులు రాసిందని.

ఆ తర్వాత నింద టీవీ మీదికీ ఫోను మీదికీ వెళ్తుంది. వాటి పాత్ర అసలు లేదని మేము అనడం లేదు. అయితే గత ఇరవై ఏళ్లుగా పరిశోధకులు ఇంకో ప్రశ్న కూడా వేస్తున్నారు. పగటిపూట పిల్లల కంట్లో ఎంత వెలుగు పడుతోంది? చిన్న ప్రశ్నలా ఉంది గానీ, దానికి జవాబు కావాలంటే ముందు వెలుగును సరిగ్గా కొలవాలి. ఆ కొలత ఎలా జరుగుతుంది, దాని వల్ల పిల్లల చూపు గురించి ఏం తెలిసింది, మనం ఏం చేయవచ్చు అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

కంటిని నమ్మి వెలుగును అంచనా వేయలేం

రాత్రి ట్యూబులైటు వేస్తే గదంతా పగల్లా ఉందంటాం. నిజానికి ఆ గదిలో వెలుగు, మధ్యాహ్నం ఆరుబయట ఉండే వెలుగులో నూరో వంతు కూడా ఉండదు. అయినా మనకు అంత తేడా తెలియదు. కారణం మన కన్నే. వెలుగు ఎక్కువైతే కనుపాప చిన్నదవుతుంది, తక్కువైతే పెద్దదవుతుంది. లోపలి రెటీనా కూడా తన సున్నితత్వాన్ని మార్చుకుంటుంది. అందుకే నిండు వెన్నెలలోనూ దారి కనబడుతుంది, మిట్టమధ్యాహ్నమూ కనబడుతుంది. బతకడానికి ఇది గొప్ప వరం. కొలవడానికి మాత్రం పెద్ద అడ్డంకి.

ఈ చిక్కును మొదట తెలివిగా దాటినవాళ్లలో ఒకరు ఫ్రాన్సు దేశస్థుడు పియర్ బూగేర్. ఒక వెలుగు ఎంత ఉందో కన్ను చెప్పలేదు గానీ, పక్కపక్కనే ఉన్న రెండు వెలుగులు సమానమా కాదా అన్నది బాగానే చెప్పగలదని ఆయన గమనించాడు. ఒక వైపు కొలవాల్సిన వెలుగు, మరో వైపు కొవ్వొత్తి వెలుగు పడేలా పెట్టి, రెండూ సమానం అనిపించేదాకా కొవ్వొత్తి దూరం మార్చేవాడు. దీపానికి దూరం రెట్టింపైతే మీద పడే వెలుగు నాలుగో వంతు అవుతుంది, మూడు రెట్లైతే తొమ్మిదో వంతు అవుతుంది. కాబట్టి దూరం తెలిస్తే వెలుగు లెక్క తేలుతుంది. ఈ పద్ధతితోనే ఆయన పున్నమి చంద్రుడి కంటే సూర్యుడి వెలుగు దాదాపు మూడు లక్షల రెట్లు ఎక్కువని లెక్కగట్టాడు. ఇప్పటి లెక్క సుమారు నాలుగు లక్షలు. 1720లలో కొవ్వొత్తులతో చేసిన పనికి ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు కంటి స్థానంలో వెలుగు పడితే కరెంటు పుట్టించే సెన్సర్లు వచ్చాయి. అవి అలసిపోవు, అలవాటు పడిపోవు. కరోనా రోజుల్లో మనందరం వేలికి తగిలించుకున్న ఆక్సీమీటరు చేసేదీ ఈ పనే. ఎరుపు కాంతి, కంటికి కనబడని పరారుణ కాంతి వేలిలోంచి దాటి ఎంతెంత బయటికి వచ్చాయో పోల్చి, రక్తంలో ఆక్సిజన్ శాతం చెబుతుంది. తమిళనాడులో జవ్వాది కొండల మీది కావలూరు అబ్జర్వేటరీలో 1977 మార్చి 10న జరిగిందీ ఇలాంటిదే. యురేనస్ గ్రహం ఒక నక్షత్రాన్ని కప్పబోయే ముందు ఆ నక్షత్రం వెలుగు కాసేపు తగ్గినట్టు అక్కడి పరికరంలో నమోదైంది. ఆ రాత్రి వేర్వేరు చోట్ల చేసిన ఇలాంటి కొలతలను కలిపి చూస్తేనే యురేనస్ చుట్టూ వలయాలున్నాయని తేలింది. ఎవరూ ఆ వలయాలను కంటితో చూడలేదు. వెలుగు తగ్గడాన్ని కొలిచారు, అంతే.

లక్సు అంటే ఎంత?

ఒక చోట మీద పడుతున్న వెలుగును లక్సులలో చెబుతారు. మామూలు కొవ్వొత్తి వెలిగించి, మీటరు దూరంలో దానికి ఎదురుగా కాగితం పట్టుకుంటే దాని మీద పడేది సుమారు ఒక లక్సు. ఇక్కడి నుంచి మెట్లు ఎక్కి చూద్దాం.

నిండు పున్నమి వెన్నెల పావు లక్సుకు అటూ ఇటూగా ఉంటుంది. రాత్రి మన ఇళ్లలో లైటు కింద 100 నుంచి 300 లక్సులు. బాగా లైట్లున్న తరగతి గదిలో 300 నుంచి 500. మబ్బు పట్టిన పగలు ఆరుబయట కొన్ని వేలు. ఎండ రోజున నీడపట్టున కూడా చాలాసార్లు వేలల్లోనే, ఆకాశం బాగా కనబడే చోటైతే పది వేలు దాటుతుంది. నేరుగా పడే మధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష.

అంటే పిల్లవాడు గదిలోంచి వేపచెట్టు కిందికి వస్తే కంట్లో పడే వెలుగు పది రెట్లో, ఇరవై రెట్లో, అంతకు మించో పెరుగుతుంది. వాడికి మాత్రం "కాస్త వెలుతురుగా ఉంది" అనిపిస్తుంది. ఈ తేడాను మన ఫోనులోని వెలుగు సెన్సరుతో, లక్స్ మీటర్ ఆప్ వేసుకుని ఎవరైనా చూడొచ్చు. ఫోను అంకె ప్రయోగశాల అంకెలా కచ్చితంగా ఉండదు. అయినా ఇంటి మూలకూ కిటికీ దగ్గరికీ మేడ మీదికీ ఉన్న తేడా తెలియడానికి సరిపోతుంది.

సైటు రావడం అంటే లోపల ఏం జరుగుతోంది?

దగ్గరివి కనబడి దూరపువి మసకగా ఉండడాన్ని హ్రస్వదృష్టి అంటారు. డాక్టర్లు మయోపియా అంటారు, మనం సైటు అంటాం. ఎక్కువ మంది పిల్లల్లో దీనికి కారణం కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి కావలసినదాని కంటే పొడుగ్గా పెరగడం. దూరపు దృశ్యం రెటీనా మీద కాక దాని ముందే ఏర్పడుతుంది. పొడవు ఒక్క మిల్లీమీటరు అదనంగా పెరిగితే సుమారు రెండున్నర నుంచి మూడు వరకు మైనస్ పవరు వస్తుంది.

అద్దాలు పెడితే బొమ్మ స్పష్టంగా కనబడుతుంది. కానీ పెరిగిన కన్ను మళ్లీ పొట్టిగా మారదు. చిన్న వయసులోనే సైటు మొదలైతే ఎదిగే కొద్దీ పవరు ఎక్కే అవకాశం ఎక్కువ. పవరు బాగా ఎక్కువైన కళ్లలో పెద్దయ్యాక రెటీనా ఊడిపోవడం, గ్లకోమా వంటి చిక్కులు వచ్చే ప్రమాదం మిగతావారి కంటే ఎక్కువ. అందుకే పరిశోధకుల పట్టుదల అంతా సైటు రావడాన్ని కొన్నేళ్లు వెనక్కి నెట్టడం మీదే.

మన దగ్గర ఇది ఎంత ఉంది? 2002లో ప్రచురితమైన అధ్యయనాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో 4.1 శాతం మందికి, ఢిల్లీ నగరంలో 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో 7.4 శాతం మందికి మయోపియా ఉంది. 2015లో ఢిల్లీ బడి పిల్లల మీద వచ్చిన మరో అధ్యయనంలో అది 13.1 శాతం. రోజుకు రెండు గంటలకు మించి ఆరుబయట ఉండే పిల్లల్లో సైటు తక్కువగా కనబడిందని కూడా ఆ అధ్యయనం చెప్పింది. పల్లె నుంచి పట్నానికి, పట్నంలో వీధి నుంచి ఫ్లాటుకి మారిన మన కుటుంబాలన్నిటికీ ఈ అంకెలు సంబంధించినవే.

రెండు నగరాలు, ఒకే మూలం

ఈ కథలో ఒక పోలిక చాలామంది కళ్లు తెరిపించింది. సింగపూర్‌లోనూ ఆస్ట్రేలియాలోని సిడ్నీలోనూ ఉన్న చైనా మూలాల పిల్లల్ని, 6–7 ఏళ్ల వారిని పోల్చి 2008లో ఫలితాలు ప్రచురించారు. సింగపూర్‌లో 29.1 శాతం మందికి మయోపియా ఉంటే సిడ్నీలో 3.3 శాతం మందికే ఉంది. తల్లిదండ్రుల్లో సైటు ఉన్నవారి పాళ్లలో పెద్ద తేడా లేదు. పుస్తకాలు చదవడంలో చూస్తే సిడ్నీ పిల్లలే కాస్త ముందున్నారు. కొట్టొచ్చినట్టు కనబడిన తేడా ఒక్కటే. సిడ్నీ పిల్లలు వారానికి దాదాపు 14 గంటలు ఆరుబయట గడిపితే, సింగపూర్ పిల్లలు మూడు గంటలే గడిపారు.

ఒకే మూలం ఉన్నవాళ్లు వేరే ఊళ్లో స్థిరపడ్డాక పిల్లల కళ్లు వేరేగా పెరిగాయన్న మాట. తరాల క్రితం ఊరు మారి వచ్చిన మనలాంటి వాళ్లకు ఇందులో ఆలోచించాల్సింది ఉంది. వంశంలో వచ్చేది కొంత ఉంటుంది. కానీ పెరిగే చోటు, గడిపే తీరు కూడా లెక్కలోకి వస్తాయి.

అయితే ఇది పోలిక మాత్రమే. ఆరుబయట ఉండే పిల్లలు ఆడతారు, దూరంగా చూస్తారు, వారికి ఎండా తగులుతుంది. మేలు చేసింది వీటిలో ఏది? దాన్ని విడదీయడానికి ప్రయోగాలు కావాలి.

కోడిపిల్లలు చెప్పిన సంగతి

కోడిపిల్ల కంటికి మసక తెర తొడిగితే ఆ కన్ను పొడుగ్గా పెరిగి మయోపియా వస్తుంది. ఇది పరిశోధకులకు చాలా కాలంగా తెలుసు. 2009లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఇలాంటి కోడిపిల్లల్ని వేర్వేరు వెలుగుల్లో పెంచారు. కొన్నిటికి 50 లక్సులు, కొన్నిటికి 500, కొన్నిటికి రోజూ కొన్ని గంటలు 15,000. తెర అందరికీ ఒకటే. ఆటపాటలు, దూరపు దృశ్యాలు అన్న తేడా లేదు. మారింది వెలుగు తీవ్రత మాత్రమే. 15,000 లక్సుల కింద పెరిగిన వాటిలో మయోపియా మిగతావాటి కంటే బాగా తక్కువగా వచ్చింది.

మరి కంట్లో ఏం జరుగుతోంది? ఎక్కువ వెలుగు పడినప్పుడు రెటీనాలో డోపమిన్ అనే రసాయనం ఎక్కువగా విడుదలవుతుంది. అది కనుగుడ్డు పెరుగుదలకు కళ్లెం వేస్తుందని ఒక వివరణ. డోపమిన్ పని చేయకుండా మందుతో అడ్డుకుంటే, కోడిపిల్లల్లో వెలుగు వల్ల వచ్చిన మేలు పోయిందని 2010లో చూపించారు. 2012లో కోతుల మీద జరిగిన ప్రయోగంలోనూ, మసక తెర వల్ల వచ్చే మయోపియాను సుమారు 25,000 లక్సుల వెలుగు బాగా తగ్గించింది. కానీ తెర బదులు లెన్సు తొడిగి మయోపియా తెప్పించినప్పుడు కోతుల్లో ఆ మేలు కనబడలేదు. వెలుగు ఒక్కటే మొత్తం కథ కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

బడుల్లో పరీక్షించారు

మనుషుల పిల్లల దగ్గరికి వద్దాం. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 ప్రాథమిక బడులను ఎంచుకుని, ఆరింటిలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాల ఆరుబయట పీరియడ్ పెట్టారు. మిగతా ఆరింటిలో ఏమీ మార్చలేదు. 2010లో మొదలుపెట్టి మూడేళ్లు చూశారు. మామూలు బడుల్లో 39.5 శాతం మందికి కొత్తగా సైటు వస్తే, ఆరుబయట పీరియడ్ ఉన్న బడుల్లో 30.4 శాతం మందికి వచ్చింది. అంటే ప్రతి వంద మందిలో తొమ్మిది మందికి ఆ మూడేళ్లలో సైటు రాకుండా ఆగింది. దీనికి మందు లేదు, పరికరం లేదు. బడి టైంటేబుల్‌లో ఒక్క పీరియడ్ చాలింది.

"రోజుకు ఎంతసేపు బయట ఉన్నావు?" అని పిల్లల్ని, తల్లిదండ్రుల్ని అడిగితే జవాబు ఎప్పుడూ అంచనానే. అందుకే వెలుగు సెన్సర్లను పిల్లల చేతికో మెడలోనో కట్టి కొలవడం మొదలైంది. సెన్సరు వెయ్యి లక్సులు దాటి చూపిస్తే పిల్లవాడు ఆరుబయట ఉన్నాడని మామూలుగా లెక్క వేస్తారు. ఎందుకంటే ఇంట్లో అంత వెలుగు అరుదు. ఆస్ట్రేలియాలో ఇలా చేతికి సెన్సరు కట్టి చేసిన అధ్యయనంలో, రోజూ అతి తక్కువ వెలుగు సోకిన పిల్లల కళ్లు మిగతావారి కంటే ఏడాదికి సుమారు రెట్టింపు వేగంతో పొడవు పెరిగాయి.

తైవాన్‌లో 16 బడుల్లో జరిగిన అధ్యయనం 2018లో వచ్చింది. మన ఎండలకు ఇది మరీ పనికొచ్చేది. మండుటెండలోనే నిలబడాలని లేదు, చెట్ల నీడలోనూ వరండాల్లోనూ దొరికే వెయ్యి, మూడు వేల లక్సుల వెలుగులో తగినంత సేపు ఉన్నా మేలు కనబడిందని అది చెప్పింది. టోపీ, చలువ అద్దాలు పెట్టుకున్నా బయట చాలా చోట్ల వెయ్యి లక్సులకు పైనే కంటికి అందుతుందని సింగపూర్‌లో తీసిన కొలతలు చూపాయి. తైవాన్ ప్రభుత్వం 2010 నుంచే బడి పిల్లలు రోజుకు 120 నిమిషాలు ఆరుబయట ఉండాలన్న కార్యక్రమం నడుపుతోంది. అక్కడి ప్రాథమిక బడుల్లో చూపు తగ్గిన పిల్లల శాతం ఏళ్ల తరబడి పెరుగుతూ 2011లో 50కి చేరింది. ఆ తర్వాత దిగి, 2015 నాటికి 46.1 అయింది.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆరుబయట గడపడం సైటు కొత్తగా రాకుండా చూడడంలో పనిచేస్తుందన్నదానికి ఆధారాలు బలంగా ఉన్నాయి. ఇప్పటికే సైటు వచ్చిన పిల్లల్లో పవరు పెరగకుండా ఆపుతుందన్నదానికి అంత బలమైన ఆధారాలు లేవు. అలాంటి పిల్లలకు ప్రత్యేకమైన అద్దాలు, తక్కువ మోతాదు చుక్కల మందు వంటి దారులు ఉన్నాయి. ఏది సరిపోతుందో కంటి డాక్టరే చెప్పాలి. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో మయోపియా మీద ప్రత్యేక పరిశోధనశాలే నడుస్తోంది.

మనం చేయగలిగినవి

షోలాపూర్, భివండీ మగ్గాల వీధుల్లో ఉన్నా, బెంగళూరు, చెన్నై ఫ్లాట్లలో ఉన్నా, బరంపురంలో, యానాంలో ఉన్నా ఈ కింది పనులకు పెద్దగా ఖర్చు లేదు.

రోజుకు రెండు గంటలు ఆరుబయట అన్నది లెక్కగా పెట్టుకుందాం. ఒకేసారి కానక్కర్లేదు. బడికి నడిచి వెళ్లడం, ఇంటర్వెల్, సాయంత్రం ఆట, మేడ మీద తాతతో కబుర్లు అన్నీ కలిపి లెక్కే. బడి పుట్టక ముందు వయసు నుంచే అలవాటు చేస్తే మరీ మంచిది, ఎందుకంటే అసలు మేలు సైటు రాకముందే.

వేసవిలో వడదెబ్బ మాట మరవకూడదు. ఉదయం ఎండ ముదరక ముందు, సాయంత్రం ఎండ తగ్గాక, నీడపట్టున ఉంటే చాలు. పొద్దు బాగా వాలేదాకా బయట వేల లక్సులే ఉంటాయి. టోపీ పెట్టండి, నీళ్లు ఇవ్వండి. సూర్యుడి వైపు నేరుగా చూడనివ్వకండి, దానివల్ల రెటీనా కాలిపోతుంది. ఇంట్లో కళ్లు జిగేలుమనే లైట్లు పెట్టి పగటిని తెచ్చే ప్రయత్నం కూడా వద్దు.

చదివే బల్ల కిటికీ దగ్గరికి జరపండి. కిటికీ నుంచి రెండు మూడు అడుగులు లోపలికి వస్తేనే వెలుగు ఎంత పడిపోతుందో ఫోనుతో కొలిచి చూస్తే మీకే తెలుస్తుంది. బడి సమావేశాల్లో, ఇంటర్వెల్‌లో పిల్లల్ని గదుల్లోనే కూర్చోబెట్టవద్దని అడగండి. మన సంఘాలు నడిపే బాలల తరగతులు, ఆదివారం తెలుగు తరగతులు కూడా హాల్లో కాకుండా చెట్టు కిందో వరండాలోనో పెట్టుకోవచ్చు. తెలుగూ వస్తుంది, కంటికి వెలుగూ అందుతుంది.

చివరగా కంటి పరీక్ష. బడిలో చేర్చేటప్పుడు ఒకసారి, ఆ తర్వాత ఏటా చేయించండి. ప్రభుత్వ బడుల్లో, అంగన్‌వాడీల్లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల ఆరోగ్య పరీక్షలు జరుగుతాయి, చూపు కూడా అందులో ఉంటుంది. మీ పిల్లకు ఆ ఊరి అక్షరాలు ఇంకా రాకపోతే మొహమాటపడకండి. "ఈ" అక్షరాన్ని నాలుగు వైపులకు తిప్పి గీసిన చార్టు అడగండి. కాళ్లు ఎటు ఉన్నాయో చేత్తో చూపిస్తే చాలు, ఏ భాషా రానక్కర్లేదు.

బోర్డు మీది అక్షరం పిల్ల తప్పుగా ఎక్కించుకున్నప్పుడు భాషను తప్పుపట్టే ముందు, ఆ అక్షరం తనకు కనబడుతోందా అని ఒక్కసారి అడుగుదాం.